ఆర్డర్లో లేని మొక్క

పన్నెండేళ్ళు చేసిన టీచరు ఉద్యోగం మానేసి, మొక్కల్ని అట్టపెట్టెల్లో పెట్టి ఊళ్ళకి పంపుతానన్నప్పుడు మావారు నన్ను వద్దనలేదు. ఆయన దేన్నీ వద్దనరు. "నీ ఇష్టం" అంటారు. ఆ మాటకి "నాకు ఇష్టం లేదు" అని అర్థమని తెలుసుకోవడానికి నాకు పెళ్ళయ్యాక నాలుగైదేళ్ళు పట్టింది. తెలిశాక కూడా తెలియనట్టు నటించడం అలవాటైంది. "మీరు ఒప్పుకున్నారుగా" అని బళ్ళో రాజీనామా కాగితం ఇచ్చేసి వచ్చాను. నెల తిరక్కుండా నా స్థానంలో ఇంకో అమ్మాయిని తీసుకున్నారు. కాబట్టి నా ఆన్‌లైన్ మొక్కల షాపు నడవాలి. నడవకపోతే నాకు వెనక్కి వెళ్ళడానికి కుర్చీ లేదు, మావారి "నీ ఇష్టం" మాత్రం జీవితాంతం ఎదురుగా కూర్చుని ఉంటుంది.

మాది కడియం దగ్గర రెండెకరాల నర్సరీ. రోడ్డు మీదికి గేటు, గేటు లోపల ఆకుపచ్చ నెట్టు కింద కవర్లలో మొక్కలు, వెనకాల లారీ తిరగడానికి జాగా. మావారి దృష్టిలో మొక్క అంటే లారీ ఎక్కేది. వేలల్లో ఎక్కాలి, రాయపూరో నాగపూరో వెళ్ళాలి, అక్కడ ఏ రోడ్డు మధ్యలోనో వరసగా నిలబడాలి. ఒకే ఒక్క మందారాన్ని పెట్టెలో పెట్టి పూనా పంపడమంటే, ఒక్క బియ్యపుగింజని బస్తాలో వేసి మూతి కుట్టినట్టు ఉంటుంది ఆయనకి. కూలీలు లారీకి ఎక్కిస్తుంటే లెక్కపెట్టుకోవడమే ఆయనకి తెలిసిన వ్యాపారం.

గేటు దగ్గర చిల్లర బేరం మాత్రం మా అత్తగారిది. డెబ్బై దాటాయి. నెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కొబ్బరిపుల్లతో మొక్కల మొదళ్ళలో మట్టి గుల్ల చేస్తూ వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తారు. ఆవిడ వెటకారం మా వీధిలో అందరికీ తెలుసు. "ఇది బతుకుద్దాండీ?" అని ఒకాయన మూడుసార్లు అడిగితే, "నీళ్ళు పోస్తే బతుకుద్దండి, అనుమానిస్తే చచ్చిపోద్దండి" అన్నారు. ఆయన నవ్వి, రెండు కొనబోయినవాడు ఆరు కొన్నాడు.

కొన్నవాళ్ళకి పైన ఇంకో మొక్క కొసరు వెయ్యకుండా పంపితే ఆవిడకి అమ్మినట్టే ఉండదు. ఆ కొసరు కూడా చేతికందింది తీసి ఇచ్చేయడం కాదు. ముందు విచారణ జరుగుతుంది. "ఇల్లు ఎటు మొహం అండీ? కుళాయి నీళ్ళా, బోరు నీళ్ళా? ఇంట్లో పసిపిల్లలున్నారా?" కొన్న మొక్క గురించి అడగని ప్రశ్నలన్నీ ఊరికే ఇచ్చేదాని గురించి అడుగుతారు. జలుబు చేసే పిల్లలున్న ఇంటికి వాముమొక్క. కొత్తిల్లయితే తులసి. నీళ్ళు పొయ్యడం మర్చిపోయేవాళ్ళని ఆవిడ ముఖం చూసే పసిగడతారు, వాళ్ళకి రణపాల. అది చంపినా చావదు.

ఇదంతా దయాగుణమని చెబితే మా అత్తగారే ఒప్పుకోరు. కొసరుగా వెళ్ళేది ఎప్పుడూ మా దగ్గర మిగిలిపోయిందే. వాము కొమ్మ విరిచి గుచ్చితే వచ్చేస్తుంది, రణపాల ఆకు పడ్డచోటల్లా లేస్తుంది. ఇవ్వకపోతే వాటిని పీకడానికి మనిషిని పెట్టాలి. పైగా కొసరు పట్టుకెళ్ళిన మనిషి వచ్చే ఏడు "ఆ వాముమొక్క గుబురుగా పెరిగిందండి" అని చెప్పడానికైనా వస్తాడు, వచ్చినవాడు ఊరికే పోడు. ఆవిడ నలభై ఏళ్ళుగా చేస్తున్న పని ఇది. దీనికి ఏదైనా పేరుంటుందని మాకు ఎవరికీ తోచలేదు.

పేరుందని రాజమండ్రిలో తెలిసింది. ఒక హోటలు హాల్లో, ఆన్‌లైన్ వ్యాపారం ఎలా చెయ్యాలో నేర్పే ఒక రోజు క్లాసుకి డబ్బు కట్టి వెళ్ళాను. చెంపకి మైకు అంటించుకున్న కుర్రాయన అటూ ఇటూ నడుస్తూ చెప్పాడు: ఆన్‌లైన్లో మీ ముఖం కనిపించదు, మీ మాట వినిపించదు, మీ పెట్టె ఒక్కటే వాళ్ళింటికి వెళుతుంది. పెట్టె తెరవగానే కొన్నవాడు "అబ్బ!" అనాలి. అడగనిది ఏదో ఒకటి అందులో ఉండాలి. దాన్ని కస్టమర్ డిలైట్ అంటారు. నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు పుల్ల ఆపి నన్ను జాలిగా చూశారు. "దీనికి ఫీజు కట్టావా అమ్మాయ్? మధ్యాన్నం నా పక్కన కుర్చీ వేసుక్కూర్చుంటే ఊరికే తెలిసేదిగా."

అలా మా వ్యాపారం మొదలైంది. నేను ఫోటోలు తీసి, వివరాలు రాసి, ఒక పెద్ద అమ్మకాల యాప్‌లో షాపు తెరిచాను. కూలికొచ్చే ఆడవాళ్ళలో ఇద్దరు మొక్కకి కవరు తీసి, వేళ్ళ చుట్టూ తడి కొబ్బరిపొట్టు పెట్టి, గోనెగుడ్డ చుట్టి, పురికొస కట్టేవారు. పెట్టెలో నిలబెట్టి చుట్టూ ఎండుగడ్డి కూరడం, టేపు వెయ్యడం అత్తగారి వంతు. టేపు వెయ్యడానికి ముందు ఆవిడ నాతో అడ్రసు చదివించుకునేవారు.

మొదటి ఆర్డరు పూనా నుంచి, ఎర్ర మందారం. నేను చదివాను, "ఫ్లాట్ నంబరు పదకొండు వందల నాలుగు."

"పదకొండు వందల ఇళ్ళా?"

"కాదండి, పదకొండో అంతస్తులో నాలుగో ఇల్లు."

"అమ్మో. అంతెత్తున పిల్లల్ని ఎలా పెంచుతున్నారమ్మా? బయటికి దింపరు, ఎండ తగలదు, ఎప్పుడూ జలుబే అయ్యుంటుంది." ఆ ఇంట్లో పిల్లలున్నారని ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. వాముమొక్క ఒకటి మందారం పక్కన చేరింది. నేను కాదనలేదు సరికదా, రాజమండ్రి హాల్లో రాసుకున్న మాట గుర్తొచ్చి మురిసిపోయాను. పూనాలో ఎవరో పెట్టె తెరిచి "అబ్బ!" అనబోతున్నారు.

నిజంగానే అన్నారు. కాకపోతే రాతపూర్వకంగా. ఒక్క నక్షత్రం ఇచ్చి, "మందారం అడిగితే ఏదో ఘాటు వాసనొచ్చే ఆకుల మొక్క పంపారు. తప్పు వస్తువు. ప్యాకింగులో నిర్లక్ష్యం" అని ఇంగ్లీషులో రాశారు. మందారం కూడా ఉందన్న సంగతి ఎక్కడా రాయలేదు. తొమ్మిదో రోజున వాముమొక్క తిరిగొచ్చింది, ఒంటరిగా, అంత పెద్ద పెట్టెలో, సగం ఎండి. అత్తగారు దాన్ని కుండీలో పెట్టి నీళ్ళు పోశారు. వారం తిరిగేసరికి లేచింది. "పూనా చూసొచ్చిన మొక్క" అని గేటు దగ్గరికి వచ్చినవాళ్ళకి చూపించేవారు.

అదొక్కటే అయితే పోనీలే అనుకునేదాన్ని. అడ్రసులు చదువుతున్నకొద్దీ అత్తగారి ఊహలు పెరిగాయి. ఢిల్లీ అంటే చలి, బొంబాయి అంటే వాన, ఆఫీసు పేరు మీద ఆర్డరు వస్తే "పాపం, ఇంటి దగ్గర మొక్క పెట్టుకునే యోగం లేదు కాబోలు". ఆ ఊహకి తగ్గ కొసరు పడేది. అవతల తెరిచేవాళ్ళకి మాత్రం ఒకటే తోచేది: వీళ్ళేదో పొరపాటు చేశారు, లేదా మోసం చేస్తున్నారు. ఒకాయన అయితే, ఈ రెండో మొక్కకి తర్వాత డబ్బు పట్టుకుంటారేమోనని బ్యాంకుకి ఫోన్ చేశాడట. బెంగుళూరావిడ ఒకరు, అడిగిన గులాబీ ఫోటోలోలాగా లేదని తిప్పి పంపి డబ్బు వెనక్కి తీసుకున్నారు. కొసరు తులసిని మాత్రం ఉంచుకున్నారు.

"తులసిని తిప్పి పంపలేదు చూశావా? మంచి కుటుంబం" అన్నారు అత్తగారు.

మంచి కుటుంబం ఇచ్చినది కూడా ఒక్క నక్షత్రమే. షాపు తెరిచిన మూడో నెలకి మా రేటింగు మూడున్నరకి దిగిపోయింది. యాప్‌వాళ్ళ నుంచి మర్యాదగా ఒక నోటీసు వచ్చింది. అరవై రోజుల్లో నాలుగు దాటకపోతే షాపు మూసేస్తాం, మీతో కలిసి పనిచేసినందుకు సంతోషం అని. సంతోషం ముందే రాసిపెట్టుకున్నారు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మావారికి ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి, పెరుగు ఇంకొంచెం వెయ్యనా అని అడిగి ఊరుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వీధి చివర నర్సరీ ఆయన తన ఆన్‌లైన్ షాపు మూసేశారు. ఆయనది పెద్ద ఎత్తు. డ్రోనుతో తీసిన వీడియో, వెనక పాట, ఎక్కడెక్కడి దేశాల గులాబీల ఫోటోలు. ఫోటోలో నీలం గులాబీ, పెట్టెలో మన మామూలు దేశవాళీ గులాబీ. నెల్లాళ్ళు ఫోన్లు తియ్యడం, తరవాత తియ్యకపోవడం. "మనవాళ్ళకి ఆన్‌లైన్ అచ్చిరాదండి" అని నాతో అన్నారాయన, చాలా నమ్మకంగా. నేను లోపల నవ్వుకున్నాను. ఆయన అడిగింది ఇవ్వకుండా మునిగాడు. నేను అడగనిది ఇచ్చి మునుగుతున్నాను. మునగడంలో తేడా ఏమీ లేదు, నేను మునిగే నీళ్ళు నాకు కొంచెం గౌరవంగా అనిపించాయి, అంతే.

యాప్ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. తెలుగు కుర్రాడే దొరికాడు. "మేడమ్, మీ పెట్టెల్లో ఎక్స్‌ట్రా ఐటం వెళ్తోంది" అన్నాడు.

"అది కొసరు బాబూ."

అవతల గొంతు కొంచెం మారింది. "తెలుసు మేడమ్. మా అమ్మమ్మ కూరగాయలావిడతో దానికోసం గొడవపడేది. కానీ మేడమ్, మా సిస్టంలో దానికి కోడ్ లేదు."

కోడ్ లేనిది లోకంలో లేనట్టే అని అతనికీ తెలుసు, నాకూ అర్థమైంది. కాకపోతే అతనే ఒక దారి చూపించాడు. కొసరుని దాచకుండా "ఉచిత బహుమతి" అని ముందే రాసి పెట్టమన్నాడు. పెట్టాను. ప్రతి మొక్క కిందా "దీనితో పాటు ఒక మొక్క ఉచితం" అని పెద్ద అక్షరాల్లో రాశాను. అనుమానాలు ఆగిపోయాయి. తగువులు మొదలయ్యాయి. "మా పక్కింటివాళ్ళకి తులసి వచ్చింది, నాకు ఈ ఆకు వచ్చింది, ఎందుకు?" "బహుమతి చిన్నగా ఉంది." "బహుమతి ఎండిపోయింది, డబ్బు వాపసు ఇవ్వండి." ఒకాయన మొక్క అక్కర్లేదు, బహుమతి ఒక్కటే పంపండి చాలు అని రాశాడు. చెప్పకుండా ఇచ్చినన్నాళ్ళూ మేం దొంగలం. చెప్పి ఇచ్చినప్పటి నుంచి బాకీదారులం. రేటింగు ఇంకాస్త దిగింది, ఇక నలభై రోజులే ఉన్నాయి.

బహుమతి మాట తీసేశాను. ఆ రోజు మధ్యాహ్నం అత్తగారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, వీలైనంత నెమ్మదిగా చెప్పాను. ఇక నుంచి ఆర్డర్లో ఉన్నదే పెట్టాలి అత్తయ్యగారండి, ఇంకేమీ వెయ్యకూడదు అని.

"ఊరికే ఇస్తే కోప్పడతారా?" అన్నారు.

"కోప్పడతారండి."

"ఎందుకూ?"

ఎందుకో నాకూ సరిగ్గా తెలియదు. వాళ్ళకి మనం తెలియదుగా అన్నాను. "తెలీకపోతే తెలుస్తాంగా, అందుకేగా వేసేది" అన్నారు. ఆ మాటకి జవాబు రాజమండ్రి హాల్లో కూడా ఎవరూ చెప్పలేదు. "మీరు వెయ్యకండి, అంతే" అన్నాను. "అలాగేలే" అన్నారు.

వారం గడిచింది. సామర్లకోట స్టేషన్ మీదుగా వెళ్ళే పార్శిళ్ళ కోసం పెట్టెలు బండికి ఎక్కిస్తుంటే ఒక పెట్టె అడుగు తడిసి విచ్చుకుంది. మల్లెమొక్క ఒక్కటే ఉండాల్సిన చోట, గడ్డి కింద, చిన్న తులసి పిలక. వేళ్ళకి గోనెగుడ్డ కూడా కాదు, అత్తగారి పాత చీర ముక్క చుట్టి ఉంది. మిగిలిన పెట్టెలు కూడా విప్పించాను. పదిహేడింట్లో పదకొండింట్లో ఉన్నాయి, కనపడకుండా గడ్డి కింద, అంత జాగ్రత్తగా దాచి.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు, బడిపిల్లలకి ఇంకా బాగా తెలుసు. ఆ రోజు కూలివాళ్ళ ముందు, పార్శిలు బండి డ్రైవరు ముందు, ఆవిడని పిల్లని కేకలేసినట్టు కేకలేశాను. "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? మీ మూలంగా నా షాపు మూసేస్తారు. అప్పుడు నన్ను తీసుకెళ్ళి మీ గేటు దగ్గర కూర్చోబెట్టుకుంటారా?" అన్నాను. ఇంకా అన్నాను. ఏమన్నానో పూర్తిగా రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆవిడ నోరు ఊరికే ఉండదని ఇందాకే చెప్పాను. నేను ఎదురుదెబ్బ కోసం సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ పదకొండు పిలకల్నీ ఒక్కొక్కటీ తీసి తట్టలో పెట్టుకుని, నెట్టు కిందికి తీసుకెళ్ళి, మళ్ళీ కవర్లలో నాటారు. సాయంత్రం టీ ఇవ్వడానికి వెళితే, "పంచదార తక్కువైందమ్మా" అన్నారు. అదొక్కటే.

మర్నాటి నుంచి ప్యాకింగు మారిపోయింది. ఒకటంటే ఒకటే. ఆవిడ పనితనం ఎలాంటిదంటే, గడ్డి కూరితే పెట్టెని తలకిందులు చేసినా మట్టి రాలేది కాదు. నేను అడ్రసు చదవబోతే, "అదంతా ఎందుకులే అమ్మాయ్, నంబరు చెప్పు చాలు" అన్నారు. నంబరు చెప్పేదాన్ని. పెట్టె మీద రాసేవారు, టేపు వేసేవారు, పక్కకి జరిపేవారు. అడ్రసుల మీద ఊహలు ఆగిపోయాక రోజుకి ముప్ఫై పెట్టెలు అయ్యేవి, ఇంతకుముందు ఇరవై అయితే గొప్ప. నేనెంత తెలివైన పని చేశానో అని మురిసిపోయాను. ఆ మురిపెం నిజమైనదే, దాన్ని ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

నక్షత్రాలు ఒకటొకటే పెరిగాయి. "అడిగిందే వచ్చింది." "చెప్పినట్టే ఉంది." "సమస్య లేదు." మనిషి మనిషిని మెచ్చుకోవడానికి ఇంత తక్కువ మాటలు చాలని నాకు అప్పుడే తెలిసింది. గడువుకి ఆరు రోజుల ముందు రేటింగు నాలుగు దాటింది. ఇంకో నెలకి నాలుగున్నర దగ్గరికి వచ్చింది. షాపు పేరు పక్కన "నమ్మకమైన అమ్మకందారు" అని పచ్చ గుర్తు పెట్టారు. మావారికి ఫోనులో చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, "బాగుంది" అన్నారు. ఆయన నోటి వెంట "నీ ఇష్టం" కాకుండా ఇంకో అభిప్రాయం రావడం మా కాపురంలో పెద్ద విశేషం. ఆ రోజు నేను బూరెలు చేశాను. అత్తగారు రెండు తిని, బాగున్నాయన్నారు.

షాపు నిలబడింది. నాకు కావలసింది నాకు దక్కింది. రుజువుగా, యాప్‌వాళ్ళు ఒక రోజు ఫోన్ చేసి, కొత్తగా షాపులు తెరిచే ఆడవాళ్ళకి మీ విజయరహస్యం వీడియోలో చెప్పండి మేడమ్ అన్నారు. పట్టుచీర కట్టుకోవాలా, నూలుచీర కట్టుకోవాలా అని గంట ఆలోచించి, నర్సరీ కాబట్టి ఆకుపచ్చ నూలుచీర కట్టుకుని, నెట్టు కింద బల్ల మీద ఫోను నిలబెట్టి కూర్చున్నాను. ఆన్‌లైన్ వ్యాపారాలు ఎందుకు మునుగుతాయో, ఎందుకు నిలబడతాయో చెప్పాను. అడిగింది పంపండి, అడిగిందే పంపండి, మన అలవాట్లు మన పెట్టెలో పెట్టకండి, కొన్నవాడికి మన మనసుతో పని లేదు, మన మాట నిలబడితే చాలు అన్నాను. పాతికేళ్ళుగా ఇదే చెబుతున్నదానిలా చెప్పాను. తెర మీద ఎర్ర హృదయాలు బుడగల్లా లేచాయి.

ఫోను కట్టేసి తలెత్తేసరికి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. సముద్రం వైపు నుంచి వచ్చిన మనిషి, చేపలమ్ముకుంటుందట. ఊళ్ళో కొత్తగా ఇల్లు కట్టుకున్నారని, ముందర నాలుగు మొక్కలేసుకుందామని రెండు బస్సులు మారి వచ్చింది. రెండు మందారాలు, ఒక కరివేపాకు, ఒక మల్లె తీసుకుంది. అత్తగారు నాలుగూ లెక్కపెట్టి సంచిలో సర్ది, డబ్బు తీసుకుని, పెట్టెల దగ్గరికి వచ్చి మళ్ళీ పనిలో పడ్డారు. చేపలావిడ మాత్రం కదల్లేదు. సంచి పట్టుకుని నెట్టు కింద అలాగే నిలబడింది.

"ఇంకేమైనా కావాలాండీ?" అన్నాను.

"అబ్బే, ఏం లేదమ్మా" అంది. అయినా కదల్లేదు. మొహమాటంగా నవ్వుతూ, మొక్కల వరసల వైపు చూస్తోంది. దేనికోసం చూస్తోందో నాకు తెలుసు. మా అత్తగారికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆవిడ టేపు అంచు గోటితో పీకుతూ తల ఎత్తలేదు.

నేను గబగబా లేచాను. నలభై ఏళ్ళు ఆవిడ అడిగిన ప్రశ్నని నేనే అడిగాను. "మీ ఇల్లు ఎటు మొహం అండీ?"

చేపలావిడ ముఖం విప్పారింది. "తూరుపండి. ఎదురుగుండా సముద్రవేనండి. గాలంటే గాలి కాదు తల్లీ, తలుపులు నిలబడవు. నేలంతా ఇసక, ఉప్పు."

ఆ జవాబుతో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఫోను చేతిలోనే ఉంది. మా షాపు తెరిచి, ఉప్పుగాలికి ఏది నిలబడుతుందో వెతికాను. మూడొందల మొక్కల వివరాలు, ఒక్కొక్కటీ నా చేత్తో రాసినవే. గులాబీ కింద "అన్ని వాతావరణాలకూ అనుకూలం" అని ఉంది. సపోటా కింద అదే ఉంది. మల్లె కింద, మనీ ప్లాంటు కింద, మూడొందలింటి కిందా అదే ఉంది. చివరికి మా షాపులో బాగా అమ్ముడుపోయేది, వెడల్పాటి మెత్తటి ఆకులున్నది ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "ఇది ఊరికేనండి" అన్నాను.

ఆవిడ ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. "శానా బాగుందమ్మా. కానీ మా గాలికి ఒక్కరోజు కూడా ఆగదిది. పాపం, ఎందుకు చంపుకోడం, ఇక్కడే ఉంచండి" అని, దాన్ని తీసుకెళ్ళి దాని వరసలో దాని చోట పెట్టి, నాలుగు మొక్కల సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆటో కదిలిన చప్పుడయ్యాక అత్తగారు టేపు తెంపుతూ అన్నారు, "బిళ్ళగన్నేరు ఇవ్వాల్సింది. ఇసకలో వస్తుంది, ఉప్పుగాలికీ పూస్తుంది."

"మరి చెప్పలేదేంటండీ?"

"ఆవిడ ఆర్డర్లో లేదుగామ్మా" అన్నారు.

అందులో వెటకారం ఉందేమోనని ఆవిడ ముఖంలోకి చూశాను. ఉంటే బాగుండునని, ఆ ఒక్క మాటతో నన్ను పదిమందిలో కడిగేస్తే ఎంత బాగుండునని కోరుకున్నాను. లేదు. ఆవిడ ఇంకో పెట్టె ముందుకి లాక్కుని, నంబరెంత అని అడిగారు.